తేడా మాస్టారు

రామతీర్థంలో ఆయన అసలు పేరు చెప్పి ఇల్లడిగితే ఎవరూ చూపించరు. 'తేడా మాస్టారు' అంటే గొడ్లు కాసే కుర్రాడు కూడా వెంటబెట్టుకెళ్లి దిగబెడతాడు. ఆయన రిటైరయ్యారు గానీ చొక్కా జేబులో ఎర్ర పెన్ను ఇంకా సర్వీసులోనే ఉంది.

ఇంగ్లీషులో ఏ రెండు మాటలకీ ఒకే అర్థం ఉండదని ఆయన పట్టు. ఈ పక్కల ఇంగ్లీషు పిచ్చి కొత్తేం కాదు. 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం తిరిగిన బొంకులదిబ్బ విజయనగరంలోనే ఉంది. 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడిందీ ఆ ఊళ్లోనే. కాకపోతే గిరీశం ఇంగ్లీషుతో ఎదటివాణ్ణి బుట్టలో వేసుకునేవాడు. మన మాస్టారు ఎదటివాడి నోరు కట్టేస్తారు.

శివరాత్రి జాతరకొచ్చిన విశాఖ కుర్రాళ్లు, "ఇది హిస్టారికల్ ప్లేసా అంకుల్?" అని అడిగారు, పాపం.

"హిస్టారికలా, హిస్టారిక్కా? చరిత్రకి సంబంధించిందల్లా హిస్టారికల్. చరిత్రలో నిలిచిపోయిందే హిస్టారిక్. గురుభక్తులకొండ మీది బౌద్ధ స్తూపాలు హిస్టారిక్. వాటి ఇటుకలెక్కి నువ్వు దిగిన సెల్ఫీ రెండూ కాదు."

బోడికొండ మెట్లెక్కి కోదండరాముణ్ణి చూద్దామనుకున్నవాళ్లు అరగంట కిందే నిలబడిపోయారు.

పక్కింటి డిగ్రీ కుర్రాడిది మరీ అన్యాయం. "వానొస్తంది మాస్టారండీ, ఓపాలి మీ గొడుగు లెండ్ చేసుకుంటానండీ" అన్నాడు.

"లెండ్ చేసేది నేను. నువ్వు చేసుకునేది బారో. ఇచ్చేవాడికొకటి, పుచ్చుకునేవాడికొకటి."

పాఠం అయ్యేసరికి కుర్రాడు తడిసి ముద్దయ్యాడు. గొడుగు పొడిగానే ఉంది.

ఊళ్లోవాళ్లు ఇప్పుడు ఆయన ఎదురైతే అచ్చ తెలుగే మాట్లాడతారు. భాషోద్యమాలు చెయ్యలేని పని ఆయన ఒంటిచేత్తో చేశారనాలి.

మొన్న తోడల్లుడు కూతురి పెళ్లి శుభలేఖ తెస్తే అక్కడికక్కడే ఎర్ర పెన్ను తీశారు. కార్డు అడుగున 'నియర్ అండ్ డియర్' అని ఉంది.

"దగ్గరివాళ్లంతా నియర్. అందులో ఇష్టమైనవాళ్లే డియర్. నువ్వే ఉన్నావు, నియరువే కదా?" అంటూ రెండో మాట కొట్టేశారు. తోడల్లుడు కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

అయినా పెళ్లికి అందరికంటే ముందు వెళ్లింది మాస్టారే. కానుక కవరు మీద అచ్చయిన 'గిఫ్ట్' కొట్టేసి, పైన ఎర్ర సిరాతో 'బ్లెస్సింగ్స్' అని దిద్ది మరీ పెళ్లికూతురి చేతికిచ్చారు. రాత్రి కవర్లు విప్పి చూసుకుంటే, దిద్దుబాటు అక్షరాలా కరెక్టే.