అల్యూమినియం పొడి: తగినంత

వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని ఉంటే నవ్వుకుంటాం. రసాయనశాస్త్ర గ్రంథంలో అదే కనిపిస్తే కళ్లకద్దుకుంటాం.

మలేరియా మందు క్వినైన్ కథే వినండి. 1918లో జర్మనీలో పౌల్ రాబే, కార్ల్ కిండ్లర్ కలిసి క్వినోటాక్సిన్ అనే పదార్థాన్ని మూడు అంచెల్లో క్వినైన్‌గా మార్చామని ఓ చిన్న వ్యాసం అచ్చేశారు. ఆఖరి అంచెలో అల్యూమినియం పొడి పడాలి. ఎలాంటి పొడి, ఎలా వేయాలి? ఆ ముచ్చట మాత్రం అందులో లేదు. కోడలికి ఆవకాయ పాళ్లు చెప్పే అత్తగారు కూడా ఇంతకంటే నయం.

1944 వచ్చింది. యుద్ధం. జావా జపాన్ చేతిలో ఉంది, క్వినైన్‌నిచ్చే సింకోనా బెరడు దొరకదు, సైనికులకు మలేరియా. అమెరికాలోని హార్వర్డ్‌లో రాబర్ట్ ఉడ్‌వర్డ్, విలియం డోరింగ్ క్వినోటాక్సిన్ దాకా చేసి ఆగారు. మిగతా దారి రాబే ఎప్పుడో వేసి పెట్టారు కదా! పత్రికలు పండగ చేసుకున్నాయి. వాళ్ల ఫ్లాస్కులో మాత్రం ఒక్క సైనికుడి జ్వరం దించేంత క్వినైన్ కూడా తయారు కాలేదు. పెళ్లికొడుకును విడిదింట్లో దింపి, పెళ్లయిపోయిందంటూ భోజనాలు వడ్డించినట్టు!

ఇక విజ్ఞాన సర్వస్వాలు, పాఠ్యపుస్తకాలు అందుకున్నాయి: ‘క్వినైన్ సంపూర్ణ సంశ్లేషణ, 1944, ఉడ్‌వర్డ్.’ ఆయన రాశారని ఈయన, ఈయన రాశారని మళ్లీ ఆయన కొత్త కూర్పులో. అమెరికాలోనే ‘ఆర్గానిక్ సింథసీస్’ అని 1921 నుంచి ఒక పుస్తకమాల వస్తోంది. ఎవరు ఏ విధానం పంపినా, ఇంకో ప్రయోగశాలలో చేసి చూడనిదే అచ్చుకివ్వరు. ఆ చాదస్తం మిగతావాళ్లకు అంటలేదు. చేసి చూస్తే ఫ్లాస్కులు తోముకోవాలి. దించుకోవడానికి సిరా చాలు.

2001లో రసాయనవేత్త గిల్బర్ట్ స్టార్క్ తన సొంత క్వినైన్ సంశ్లేషణను ప్రకటిస్తూ, ఆ పాత ఘనత వట్టి కట్టుకథ అన్నారు. 2007లో జెఫ్రీ సీమన్ పాత కాగితాలన్నీ తిరగేసి, కాదు, నిజమేనని వాదించారు. కాగితాల తగువుకు కాగితాలే సాక్షులు! చివరికి 2008లో కొలరాడోలో స్మిత్, విలియమ్స్ రాబే చెప్పిన అంచెలు చేసి చూశారు. కొత్త అల్యూమినియం పొడి సరిగా పలకలేదు. గాలి సోకి పాతబడ్డ పొడి వేశారు, క్వినైన్ దిగింది. 90 ఏళ్ల చిక్కుముడికి మూలం ఒక డబ్బా మూతన్నమాట.

ఇప్పుడు కొత్త కూర్పుల్లో ‘2008లో నిర్ధారణ అయింది’ అని ఇంకో ముక్క చేరింది. చేర్చినవాళ్లలో ఎంతమంది ఆ మూత తీసి చూశారని అడక్కండి. నేనూ తీయలేదు. పైనున్నవన్నీ పుస్తకాల్లోంచి దించినవే.