ముసురు వాక్యము: సటీకాతాత్పర్యము

మూలము

"మళ్ళీ ముసురేనా? సరే గాని, లైటు వెయ్యి."

అవతారిక

కాళిదాస కావ్యములకు వ్యాఖ్య రచించిన కోలాచల మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిజ్ఞ చేసి నిలుపుకొనిన మహానుభావుడు. మెతుకుసీమకు చెందిన ఆ తెలుగు పండితునికి నమస్కరించి, ఆయన ప్రతిజ్ఞలో మొదటి సగమును మాత్రము శిరసావహించి, రెండవ సగమును తప్పినందులకు ఈ దేశపు శీతకాలము యొక్క నిడివినే సాకుగా చూపుచు, ఈ వ్యాఖ్యకు పూనుకొనుచున్నాను.

పై వాక్యము మా తల్లిగారి ముఖమునుండి వెడలినది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమున, సియాటిల్ నగరమునకు ఈశాన్యముగా నున్న బాథెల్ అను ఊర, మా వంటయింటి కిటికీ యొద్ద, అక్టోబరు నడుమ మొదలుకొని ఏప్రిల్ నడుమ వఱకు, ఏవో కొలది దినములు తప్ప ప్రతి ప్రాతఃకాలమునను ఇది ఉచ్చరింపబడినది. రాజమండ్రి ఎండలను తప్పించుకొనుటకై వేసవిలో రమ్మని మేము ప్రార్థింపగా, ఆవకాయ పెట్టు నెలలలో ఇల్లు విడిచి రాజాలనని సెలవిచ్చి, దసరా వెళ్ళిన పిమ్మట విమానమెక్కినందున, ఆమె ఈ సీమలో ఆకాశము మూతపడు సమయమునకు సరిగా వచ్చి చేరినది. ఒకే వాక్యమును నూటయేబది మారులు వినినవానికి రెండే గతులు గలవు: విసుగుకొనుట, వ్యాఖ్యానించుట. మొదటిది పుత్రధర్మము గాదు.

ప్రతిపదార్థము

మళ్ళీ = మరల; ముసురు = ఎడతెగని సన్నని వాన; ఏ = నిశ్చయముగా; నా = అవునా; సరే = ఒప్పుకొంటిని; గాని = అయినను; లైటు = దీపమును; వెయ్యి = వేయుము.

బాలురకు ఇది చాలును.

టీక

"మళ్ళీ" అనునది నిలిచిపోయిన పని తిరిగి మొదలగుటను తెలుపును. అట్లయిన నిన్నటి ముసురు నిన్న ఆగినచో గదా నేడు "మళ్ళీ" వచ్చుట, ఆగనిదానికి పునరారంభ మెట్లు పొసగునని తార్కికుడు ఆక్షేపింపవచ్చును. రాత్రి నిద్రలో నున్నవారికి వాన ఆగినదో లేదో తెలియదు గనుక, ఆగియుండునను ఆశను మూలకర్త్రి ప్రతిదినమును మనసులో ఉంచుకొని లేచెడిదని సమాధానము. ఈ పదమున వర్షముకంటె ఆశయే ఎక్కువ.

"ముసురు" శబ్దము విచారణీయము. గోదావరి తీరమున ముసురనగా శ్రావణమున గాని, బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు గాని పట్టునది. మూడు దినములు పట్టును. బట్టలు వసారాలో దండెములమీద వ్రేలాడి మాగుడువాసన కొట్టును. ఇంట పకోడీలు వేగును. నాలుగవ దినమున ఎండ కాయును, పిల్లలు బడికి పోవలసివచ్చి ఏడ్తురు. ఇచ్చటి ముసురు ఆ జాతిది గాదు. ఏడాది మొత్తమున సియాటిల్‌లో కురియు వాన ఇంచుమించు 1000 మిల్లీమీటర్లు. మన విశాఖపట్టణమునను కొంచెము హెచ్చుతగ్గుగా అంతియే. కాని విశాఖలో మేఘుడు కుండలతో గ్రుమ్మరించి చేతులు దులుపుకొని పోవును. ఇచ్చట ఆ నీటినే జల్లెడ పట్టి సుమారు 150 దినములకు సరిపెట్టును. శీతకాలమున వాన పడని దినములలో సైతము తఱచు మబ్బు పట్టియే యుండును. మేఘావృతమైన పగటిని అమరసింహుడు "దుర్దినము" అనెను. ఆయన ఒక్క దినమునకు పేరు పెట్టెనే గాని, అట్టివి వరుసగా ఐదు నెలలు వచ్చినచో ఏమనవలెనో చెప్పలేదు. ఆ లోపమును ఈ ఊరివారు పూరించిరి. దానిని వారు "ది బిగ్ డార్క్" అందురు. "మహాతమస్సు" అని మనము చెప్పుకొనవచ్చును.

దీనికి కారణము పసిఫిక్ మహాసముద్రమునుండి తూర్పునకు వీచు తడిగాలులు. అవి మొదట ఒలింపిక్ పర్వతములను ఢీకొని, పడమటి వాలున నున్న హో అరణ్యమున ఏటా 3500 మిల్లీమీటర్ల వఱకు కురిపించును. అదే పర్వతముల ఈశాన్యపు చాటున నున్న స్క్విమ్ అను ఊరికి దక్కునది సుమారు 400 మిల్లీమీటర్లే. ఒక్క కొండ ఇద్దఱు బిడ్డలయెడ చూపిన పక్షపాతమిది. మేమున్న చోటు వాన లెక్కలో ఈ రెంటి నడుమ చిక్కి, హో అరణ్యపు వాన లేకున్నను దాని ముఖము మాత్రము చూడవలసినది. 1805లో లూయిస్, క్లార్క్ అను యాత్రికులు ఖండమంతయు దాటివచ్చి, ఇచ్చటికి నైరృతిమూలన కొలంబియా నది సముద్రమున కలియు తావున శీతకాలము గడపిరి. ఆ విడిదిలో వారుండిన 106 దినములలో వాన లేనివి 12 మాత్రమే. ఎక్కడినుండి ఎక్కడికి వచ్చి ఏమి కనుగొనిరో గదా!

ముసురు నాపలేని కాపురస్థులు దానితో సంధి చేసికొనిన విధము చెప్పదగినది. ఈ ఊర పుట్టి పెరిగినవారు గొడుగు పట్టరు. తలకప్పుగల చొక్కాను తలమీదికి లాగికొని, వాన అనునది ఇతరులకు సంబంధించిన విషయమైనట్లు నడచిపోవుదురు. గొడుగు విప్పినవానిని చూచి పరదేశియని గుర్తింతురు. మా తల్లిగారు రాజమండ్రినుండి తెచ్చుకొనిన నల్లగొడుగుతో వీధిలోనికి వచ్చినప్పుడు, దారిన పోవు వృద్ధులు చిఱునవ్వుతో తలయూపుట మర్యాదయనియే ఆమె తలచినది. నేను దిద్దలేదు.

"సరే గాని." పూర్వవ్యాఖ్యాతలెవరైన నుండినయెడల దీనిని ఊతపదమని దాటిపోయెడివారు. "సరే" తరువాతి కకారము గకారమగుట గసడదవాదేశమే యని చిన్నయసూరి ఒప్పుకొనునో లేదో గాని, వాక్యపు బరువంతయు ఈ రెండు పదములమీదనే నిలిచియున్నది. ఇరుగుపొరుగున నున్న మా తెలుగువారు జనవరిలో హవాయికి టికెట్లు కొందురు, డీ విటమిను మాత్రలు మ్రింగుదురు, కాఫీమీద కాఫీ త్రాగుదురు, టెక్సాసునకు బదిలీ చేయించుకొన్నచో ఎట్లుండునని రాత్రులు లెక్కలు వేయుదురు. కాళిదాసుని యక్షుడు సైతము మబ్బును చూచి సందేశము పంపుటకు దొరకొనెను; ఆ మేఘము కదలిపోవునది గనుక దూతగా పనికివచ్చినది, మా ఇంటిమీది మేఘము నవంబరునుండి కదలక యున్నందున దానిచేత ఉత్తరము పంపినచో మా యింటికే చేరును. మా తల్లిగారు ఇట్టివేమియు చేయలేదు. ముసురును తిట్టలేదు, ఒప్పుకొనను లేదు. "సరే" యని దాని ముఖము చూచి, "గాని" యని వీపు త్రిప్పి, పొయ్యివైపు నడచినది.

ఇక "లైటు వెయ్యి." గ్రాంథికమున "వేయుము" అని క్రియయు, "వేయి" అని సంఖ్యయు వేర్వేఱుగా నిలుచు రెండు శబ్దములు వ్యావహారికమున "వెయ్యి" అని ఒక్కటగును. శ్లేషకు ఇంతటి సదుపాయమున్నదని వ్యావహారికవాదులు ఎన్నడును చెప్పుకొనకపోవుట వింత. ఏ లైటు అను విషయమున మా యింట పక్షములు పెక్కులు గలవు.

వంటయింటి సామాన్యదీపమే యని కొందఱు. వీరి ఆధారము పంచాంగము: డిసెంబరు మూడవ వారమున ఇచ్చట ఉదయము 7:55కు గాని సూర్యుడు రాడు, సాయంత్రము 4:20కే పోవును, వచ్చినట్లును పోయినట్లును మబ్బు వెనుక వార్తగా వినవలసినదే. మధ్యాహ్నము కునుకు తీసి లేచునప్పటికి దీపాలవేళ యగుటచే మా తల్లిగారు ఆ వారమున ప్రొద్దు తెలియక రెండుసారులు స్నానము చేసినది. నవంబరు మొదటి ఆదివారమున గడియారములను గంట వెనుకకు త్రిప్పుట చూచి, "ముల్లు తిప్పితే పొద్దు పెరుగుతుందిట్రా?" అని అడిగినది. ఈ త్రిప్పుట మానవలెనని వాషింగ్టన్ శాసనసభ 2019లో చట్టము చేసియే యున్నది; దేశపు కాంగ్రెసు అనుమతికై అది వేచియున్నది. ఆమె ప్రశ్నను అచ్చటికి పంపినచో త్వరపడుదురేమో.

రెండవ పక్షము ఉద్యోగస్థుడనైన నాది. ప్రొద్దు తగ్గు కాలమున మనస్సు క్రుంగుట యొక వ్యాధియని నార్మన్ రోసెంతాల్ అను వైద్యుడును ఆయన తోడివారును 1984లో ప్రకటించిరి. ఆ వ్యాధినామమునందలి ఆంగ్లపు పొడి అక్షరములు కూర్చినచో "శాడ్" అని, అనగా విచారమనియే వచ్చుటచే, ఆ వైద్యులు నాకు ఆలంకారికులుగనే తోచుదురు. తెల్లవాఱగనే అరగంటసేపు 10,000 లక్సుల దీపము ముందు కూర్చుండుట దానికి చికిత్స. అట్టి పలకవంటి దీపము నా బల్లమీద నున్నది గనుక, "వెయ్యి" సంఖ్యావాచకమని నేను వాదించితిని. తొమ్మిది వేలు లోపించినవని నా భార్య ఆక్షేపించినది. దట్టముగా మబ్బుపట్టిన పగటి వెలుతురు సుమారు వెయ్యి లక్సులు గనుక, "నేటి వెలుతురు వెయ్యి" అని వాతావరణమును తెలుపు వాక్యముగా అన్వయించుకొనవచ్చునని సర్దుకొంటిని. ఆమె ఒప్పుకొనలేదు.

ఏలయన మూడవ పక్షము ఆమెది. చలి మొదలుకాగానే పెరటినుండి లోనికి తెచ్చిన కరివేప మొక్క ముందుగదిలో ఊదారంగు దీపము క్రింద నుండును. ఇంటిలో ఎవరి మనస్సు క్రుంగినను ఓర్చుకొనవచ్చును గాని, కరివేప ఆకు రాల్చినచో పోపునకు దిక్కెవరు? పొరుగింటి తెలుగువారు మమ్ము పలుకరించుటకంటె ముందు మొక్కను పలుకరింతురు.

నాలుగవ పక్షము పిండి పక్షము. రాజమండ్రిలో రాత్రి రుబ్బిన పిండి తెల్లవాఱునప్పటికి తనంతట తాను పొంగును. ఇచ్చట మఱునాటి మధ్యాహ్నమునకు గూడ ముడుచుకొని కూర్చుండును. గిన్నెను ఓవెన్‌లో పెట్టి, మంట పెట్టక, లోపలి చిన్న బల్బు మాత్రము వెలిగించి విడిచినచో ఆ వెచ్చదనమునకే పులియునని ఇచ్చటి గృహిణులు కనిపెట్టిరి. "పిండికి కూడా దీపం పెట్టాలా?" యని తొలిసారి నవ్విన మా తల్లిగారే పదిదినములలో ఈ సంప్రదాయమునకు పీఠాధిపత్యము వహించినది. పిండి రుబ్బిన రాత్రుల మఱునాడు వాక్యము కొంచెము గట్టిగా వినబడుట ఈ పక్షమునకు బలము.

ఐదవది ఎవరును చెప్పనిది. "లైటు" అనగా వెలుగు, "వెయ్యి" అనగా వేయి. తలక్రిందు చేసి సమాసము చేసినచో "వేవెలుఁగు". పూర్వకవుల తెలుగున సూర్యునికి అది పేరు. రథసప్తమినాడు ఆమె పరమాన్నము వండి, ఫోనులోని దిక్సూచినిబట్టి తూర్పు ఎటో తెలిసికొని, కిటికీ యొద్ద అరగంట నిలుచుండినది. సూర్యుడు రాలేదు. కడకు గిన్నె తెచ్చి నా పలకదీపము ముందు పెట్టినది. వేవెలుఁగునకు ఇది పదిరెట్లు గదా యని నేను పరిహాసమాడగా, దీపముమీద అరచేయి పెట్టి చూచి, "వెలుగుంది గాని, వేడి లేదురా దీన్లో" అన్నది. "గాని" మరల వచ్చినది. ఈమాఱు దానికి ముందు "సరే" లేదు.

సందేహనివృత్తికై, ఏ లైటని మూలకర్త్రినే ఒకనాడు అడిగితిని. "ఏదో ఒకటి వెయ్యరా నాయనా, కాళ్ళకి అడ్డం నిలబడి ప్రశ్నలేమిటి?" అని సెలవైనది. మూలకర్తలకు తమ వాక్యముల అర్థము తెలియదని వ్యాఖ్యాతలు చెప్పుట ఇందుచేతనే.

పాఠాంతరములు

"లైటు వెయ్యరా" అని ఆదివారపు పాఠము; నేను ఆలస్యముగా లేచిన దినములకు సంబంధించినది. "లైటు వెయ్యమ్మా" అని కోడలు వంటయింటనున్న దినముల పాఠము, మృదువు. ఈ రెంటను సంఖ్యార్థము చెడును గనుక వ్యాఖ్యాతకు నచ్చవు. "మళ్ళీ ముసురే" అని ప్రశ్న లేని పాఠమొకటి ఫిబ్రవరిలో రెండుసారులు మాత్రము వినబడినది. దానిమీద వ్యాఖ్య వ్రాయను.

తాత్పర్యము

వాన పడుచున్నది, దీపము వేయుము.

విశేషములు

ఇందు రసమేదియని అడుగుదురేని, కరుణమనుటకు కన్నీరు లేదు, శాంతమనుటకు ఆమె ఊరకుండు స్వభావము గలది కాదు. దానిని రసజ్ఞులకు విడుచుచున్నాను. అర్థనిర్ణయమునకు కాకువు, అనగా పలుకు స్వరపు వంపు, ముఖ్యమని ఆలంకారికులు చెప్పుదురు. దాని నిజమును ఆమె వెళ్ళిన తరువాతనే గ్రహించితిని.

ఏప్రిల్ నడుమ విమానమెక్కినది. ఆమె ఉన్న ఆఱు నెలలలో 14,410 అడుగుల రెయినియర్ పర్వతము మూడే సారులు దర్శనమిచ్చినది. కొండ కనబడిన దినమున ఊరివారు "మౌంటెన్ ఈజ్ అవుట్" అని, బయటికి రానివాడు వచ్చినట్లు, ఒకరికొకరు చెప్పుకొందురు. ఆ పేరులో వాన వినబడుచున్నది గదా యని ఆమె అడుగగా, అది పీటర్ రెయినియర్ అను నావికాధికారి పేరనియు, 1792లో జార్జి వాంకూవర్ పెట్టినదనియు చెప్పితిని. నమ్మలేదు.

మే నెలలో ఒక ఉదయము ఎనిమిది గంటలకు, సన్నగా తుంపర పడుచుండగా, అదే కిటికీ యొద్ద నిలుచుండి ఫోను చేసితిని. అచ్చట రాత్రి ఎనిమిదిన్నర. నేను మాటాడక మునుపే, కిటికీమీద చినుకుల చప్పుడు వినబడినదో యేమో, "మళ్ళీ ముసురేనా?" అన్నది. అక్షరము మారలేదు, స్వరము మాత్రము దాహమైనవారు పొరుగింటి కుండను చూచి పలికినట్లుండినది. ఉత్తరార్ధమునకై చెవి యొగ్గితిని. ఇంతవఱకు ఏ ప్రతిలోను లేని పాఠము వచ్చినది:

"సరే గాని, ఇక్కడ కరెంటు లేదు."