పదో వంతు దాకా బతికితే కదా

రమ్మీలో నేనేం తక్కువోణ్ణి కాదు. ఈ మాట మా ఇంట్లో అనే వీల్లేదు కాబట్టి మీతో అంటున్నా. కడప ఎండల్లో మే నెల మధ్యాహ్నాలు ముక్కలు లేకుండా ఎట్లా గడుస్తాయో మీరే చెప్పండి. "రమ్మీలో అదృష్టం కంటే నైపుణ్యమే ఎక్కువని 1960ల్లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే" అని ఒకసారి మా ఆవిడకు చెప్పినా.

"కోర్టోళ్లు నీ ఆట చూడలేదులే" అనింది.

ఇంత నైపుణ్యం ఉన్నోణ్ణి, మా పాప ఫోనులో హార్త్‌స్టోన్ అనే ముక్కలాట ఆడుతుంటే ఊరుకుంటానా? "ఇటియ్యి, నేను చూపిస్తా" అన్నా.

ఇందులో ముక్కలు 52 కాదు, 30. అవీ మనం ఏరుకున్నవే. ముక్క పైన ఎడమ మూల ఖరీదు, కింద ఓ పక్క దెబ్బ, ఓ పక్క ప్రాణం. ఖర్చుకు మొదటి వంతులో ఒక్క స్ఫటికం ఇస్తారు, రెండో వంతులో రెండు, అట్లా పది దాకా. ఎదుటోడి 30 ప్రాణాలు తీస్తే ఆట మనది.

పాప కూడబెట్టిన ముక్కల్లో ఎనిమిది, తొమ్మిది, పది ఖరీదువన్నీ ఏరి పెట్టుకున్నా. డెత్‌వింగ్ అని ఒక డ్రాగన్ ఉంది. దెబ్బ 12, ప్రాణం 12. దాన్ని చూడంగానే చెయ్యి మీసం మీదికి పోయింది.

చేతి నిండా మహారాజులే. మొదటి వంతులో ఒక్కడూ దిగడు. మూడో వంతులోనూ దిగడు. ఎదుట ఎవడో ఊరూపేరూ లేనోడు ఒకటీ రెండూ ఖరీదు చేసే బుడంకాయల్ని దింపి, చీమలు బెల్లం తిన్నట్టు నన్ను తినేసినాడు. ఆరో వంతుకే నా కత కంచికి. వరసగా మూడాటలు ఇదే తంతు.

నాలుగో ఆటలో ఎట్లనో పదో వంతు దాకా బతికినా. డెత్‌వింగ్‌ను దింపినా. బల్ల మీద ఉన్నోళ్లంతా బూడిద! నా చేతిలో ముక్కలు కూడా బూడిద.

"ముక్క మీద రాసిందే నాయనా, చదవలేదా? బలం ఊరికే ఇయ్యరు, మెలిక పెడతారు. లేకుంటే అందరూ అదే ఏస్తారు కదా" అనింది పాప. లీరాయ్ జెంకిన్స్ అనే ఇంకో ముక్క చూపించింది. దెబ్బ ఆరు, దిగిన క్షణమే కొడతాడంట. కాకపోతే ఎదుటోడికి రెండు పిల్ల డ్రాగన్లు ఉచితంగా ఇచ్చి మరీ కొడతాడు. మొదట ఖరీదు నాలుగే. మరీ గెలిపిస్తున్నాడని 2014లో ఐదు చేసినారంట.

చెనిక్కాయలు ఒలుస్తున్న మా ఆవిడ తలెత్తింది. "దుడుకుగా దూరి, ఎదుటోళ్లకు మేలు చేసొచ్చేవాడా? మనింట్లో ఒకడున్నాడు కదా."

చెయ్యి తుడుచుకొని ఫోను తీసుకుంది. నా మహారాజుల్ని ఇద్దర్ని ఉంచి మిగతా అందర్నీ పీకేసింది. వాళ్ల జాగాలో ఒకటి, రెండు, మూడు ఖరీదువి నింపింది. "ఒకటో తారీకు పాలోడు, కిరాణా, కరెంటు. ఏదన్నా మిగిలితే నెలాఖరుకు పెద్దది. నువ్వు ఒకటో తారీకే కూలరు కొని, ఐదో తారీకు పాలోడికి మొహం చాటేసే రకం" అనింది. రూల్సు నన్నే అడిగింది, చెప్పినా. రెండో ఆట నుంచి గెలవడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి సంగటి నేనే కెలికినా. గడ్డలు కట్టింది. ఆమె ఆటలో ఉంది, చూసుకోకుండా తినేసింది.