చదువుల తల్లి చెంత... చదవని బోర్డు

బాసరలో అయ్యగారు బుడ్డోడి వేలు పట్టుకుని పలక మీద ‘ఓం’ దిద్దించారు. నాన్న వీడియో తీశాడు. జ్ఞాన సరస్వతికి దండం పెట్టి అందరూ నేరుగా గోదారి ఘాట్‌కు. అక్కడ గజమంత అక్షరాల బోర్డు: ‘లోతు ఎక్కువ, దిగరాదు’. రెండు డిగ్రీల నాన్న ఆ బోర్డుకే ప్యాంటు తగిలించి దిగాడు!

2025 జూన్‌లో ఇదే బాసరలో ఐదుగురు యువకులు గోదాట్లో మునిగి చనిపోయారు. అయినా సెల్ఫీ నడుంలోతులో తీస్తేనే లైకులట.

2027లో పుష్కరాలు. సమీక్షలు, కొత్త బోర్డులు ఎలాగూ తప్పవు. సార్లూ, ఆ పైసలతో గజ ఈతగాళ్లను పెట్టండి. మిగిలితే నాలుగు పలకలు కొని, ఘాట్ మెట్ల మీద నాన్నలకు ‘దిగరాదు’ దిద్దించండి.