పిడిగారు

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి పక్కింట్లోనో ఎదురింట్లోనో ఒక పిడిగారు తగులుతూ ఉంటారు. వయసు అరవై దాటి ఉంటుంది. ఉద్యోగం నుంచి రిటైరై ఉంటారు. ఆయన గ్యారేజీలో అన్నీ ఉంటాయి, కారు తప్ప. కారు ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ బయట పడి ఉంటుంది. నీడపట్టున ఉండే యోగం కర్రది.

పిస్టల్ పిడికి రెండు పక్కలా బిగించే చెక్కలు చేయడం ఆయన వ్యాపకం. అందులోనూ జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1911 పిస్టలంటే పంచప్రాణాలు. అమెరికా సైన్యం దాన్ని 1911లో పుచ్చుకుని 1985 దాకా ప్రామాణిక పిస్టలుగా వాడింది. ఆ చరిత్రంతా పిడిగారికి కంఠతా వచ్చు గానీ ఆయన భక్తికి కారణం అది కాదు. పక్కకి రెండు చొప్పున నాలుగు మరలు విప్పితే పాత చెక్కలు ఊడి చేతికొస్తాయి, కొత్తవి బిగించుకోవచ్చు. ఆ నాలుగు మరల కోసమే బ్రౌనింగ్ మిగతా తుపాకీ అంతా తయారుచేశాడని ఆయన నమ్మకం.

చెక్క చూస్తే పావంగుళం మందం, అరచేతిలో ఇమిడిపోతుంది. దానికోసం ఆయన ఖండఖండాల కలపా పోగుచేశారు. మనం వెళ్తే పట్టుచీరల కొట్టువాడిలా ఒక్కొక్కటే తీసి ముందు పరుస్తారు. ఇది అరిజోనా ఎడారి ఐరన్‌వుడ్, నీళ్ళలో వేస్తే మునుగుతుంది. నమ్మనివాళ్ళ కోసం పక్కన బకెట్టు సిద్ధం. ఇది లిగ్నం వైటీ, ఒకప్పుడు ఓడల ప్రొపెల్లర్ ఇరుసులకి బేరింగులు చేసిన కర్ర. ఇది బకై చెట్టు బుడిపె. ఏ దెబ్బో తెగులో తగిలి, చెట్టు ఒంటిమీద బుడిపె లేచిన చోట లోపల సుడులు తిరుగుతుంది కర్ర. అందుకే నిటారుగా, ఆరోగ్యంగా పెరిగిన చెట్టంటే ఆయనకి పరమ చులకన. కష్టం తెలియకుండా పెరిగిందని ఈసడిస్తారు.

ముక్క ఊరికే చూస్తే మట్టిరంగులో ఉంటుంది. గుడ్డ మీద నాలుగు చుక్కల స్పిరిటు వేసి తుడుస్తారు. నల్లటి చారల మధ్యనుంచి నారింజరంగు ఒక్కసారిగా పైకి లేస్తుంది. 'చూశారా!' అంటారు. మనం కళ్ళజోడు సవరించుకునేలోపు స్పిరిటు ఆరి, మళ్ళీ మట్టి. మళ్ళీ తుడుస్తారు. సాయంత్రం అలా గడిచిపోతుంది.

ఆ నారింజరంగు కర్ర పేరు కోకోబోలో. దాని పొట్టు చాలామంది ఒంటికి పడదు. పిడిగారికి అసలు పడదు. దద్దుర్లు లేస్తాయి, కళ్ళు వాస్తాయి. ఆ కర్ర మానేయమని డాక్టరు గట్టిగా చెబితే, పిడిగారు డాక్టరుని మానేశారు.

ఒకే దిమ్మెని మధ్యకి కోసి తెరిస్తే రెండు ముక్కల మీదా చారలు అద్దంలో చూసినట్టు ఎదురుబొదురుగా వస్తాయి. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. ఆ జత వెంట్రుకవాసి తేడా వచ్చినా అవతల పారేస్తారు. తుపాకీకి రెండు పక్కలూ ఒకేసారి చూడటం ఎవరి తరమూ కాదు, పట్టుకుంటే అరచెయ్యి మొత్తం కప్పేస్తుంది కదా అంటే, 'నాకు తెలుస్తుందిగా' అంటారు.

ఆయన చట్టానికి కట్టుబడ్డ మనిషి. 2017లో రోజ్‌వుడ్ జాతినంతా, వన్యజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కిందికి తెచ్చిన దగ్గర్నుంచి ఆయన డబ్బాల మీద క్రీస్తుశకం పోయి 'పదిహేడుకి ముందు', 'పదిహేడు తర్వాత' అని చీటీలు వెలిశాయి. పెళ్ళిరోజు మర్చిపోతారు గానీ ఏ ముక్క ఎప్పుడు కొన్నదీ రసీదుతో సహా చూపిస్తారు.

మనది ఆంధ్రా అని తెలిసినవాళ్ళు బిర్యానీ గురించి అడుగుతారు. పిడిగారు ఎర్రచందనం గురించి అడుగుతారు. తూర్పు కనుమల దక్షిణపు కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగదనీ, అలల చార ఉన్న దుంగకి విలువెక్కువనీ మనకే పాఠం చెబుతారు. ఆఖర్న గొంతు తగ్గించి, 'మీ ఇంటి పెరట్లో ఒక చెట్టైనా ఉండే ఉంటుంది' అంటారు. మా వైపు ఆ కర్ర కోసం ప్రత్యేకంగా టాస్క్‌ఫోర్సే ఉందని చెబితే, ఆయన మొహంలో భయం బదులు గౌరవం కనపడుతుంది. కర్రకి పోలీసు కాపలా పెట్టిన రాష్ట్రం నాగరికమైనదని ఆయన లెక్క.

ఇంతా చేసి, ఆ కర్రలో చాలావాటికి రంపం తగలనే తగలదు. మంచి ముక్క దొరికితే దానికి తగ్గ తుపాకీ లేదంటారు. తుపాకీ కొన్నాక దానికి తగ్గ ముక్క లేదంటారు. ఈ రెంటి మధ్యా బ్యాంకు ఖాతా నలుగుతుంటుంది. కాల్చడానికి ఎప్పుడైనా వెళ్తారా అంటే మొహం మాడ్చుకుంటారు. చేతి చెమట తగిలితే మెరుగు పోదూ?

'పోనీ, రాత్రిపూట ఇంట్లోకి దొంగ వస్తే?' అని ఉండబట్టలేక అడిగాను.

పిడిగారు గోడ మీద క్యాలెండరు చూశారు. పిస్టల్ చెక్కలు రెండూ దారానికి వేలాడుతున్నాయి, టంగ్ ఆయిలు పూత ఇంకా పచ్చిగానే ఉంది. వేళ్ళ మీద ఏదో లెక్క వేశారు.

'ఇంకా మూడు పూతలున్నాయి. వచ్చే ఆదివారం దాటాక రమ్మనండి.'