లాగి చూసే మనిషి

ప్రతి వీధిలోనూ ఒకాయన ఉంటాడు. ఊరెళ్లేటప్పుడు ఇంటికి తాళం వేస్తాడు, లాగి చూస్తాడు. రెండు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి లాగుతాడు. ఆటోవాడు హారన్ కొడతాడు, భార్య మొహం పక్కకు తిప్పుకుంటుంది, ఆయన మూడోసారి లాగుతాడు. తాళం ఎప్పుడో ఒప్పుకుంది, ఆ చెయ్యే ఒప్పుకోదు. సందు చివర ఆటో ఆపించి "గ్యాసు కట్టేశావా?" అని అడిగేదీ ఈయనే. ఇంటర్వెల్లో సమోసా కొరుకుతూ "అవునూ, మోటారు ఆపామా?" అని, మిగతా సగం సినిమా ఇంటిల్లిపాదికీ దక్కకుండా చేసేదీ ఈయనే.

మా బావగారు ఈ జాతికి మేలుబంతి. కరెంటాఫీసులో డీఈగా చేసి రిటైరయ్యారు. విజయవాడ సత్యనారాయణపురంలో సొంతిల్లు. ముందు మందారాలూ మల్లెపందిరీ, వెనక బోరు, పైన ట్యాంకు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ సబ్‌స్టేషన్లను లాగి చూసి నెట్టుకొచ్చారు. రిటైరయ్యాక లాగడానికి ఇల్లొక్కటే మిగిలింది.

ఆ సమయంలో డాలస్ నుంచి సెలవులకొచ్చిన మా మేనల్లుడు ఏటీఎం కార్డంత బోర్డు ఒకటి తండ్రి చేతిలో పెట్టాడు. "దీన్ని రాస్ప్‌బెర్రీ పై అంటారు నాన్నా" అన్నాడు.

"దేనిపై?" అంది మా అక్క.

ఆ ఇంట్లో దానికి ఆ పేరే స్థిరపడింది. టీవీ స్టాండు పక్కన చిన్న పచ్చదీపం మినుకుమినుకుమంటూ ఉండేదే 'దేనిపై'. దసరాకి ఆయుధపూజ నాడు స్కూటరుతో పాటు దానికీ బొట్టు పెట్టారు.

దాని మీద హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు నడుస్తుంది. పౌలస్ షౌట్సెన్ అనే ఆయన 2013లో మొదలుపెట్టాడు, ఇప్పుడు ప్రపంచమంతా తలో చెయ్యీ వేసి పెంచుతోంది, పైగా ఉచితం. ఉచితం అన్న దగ్గర బావగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మూణ్ణెల్లు తిరిగేసరికి మోటారు, గీజరు, వరండా లైటు, గేటు కెమెరా అన్నీ ఫోన్లోకి ఎక్కాయి. గీజరుకి కొట్టువాడు పది యాంపుల స్విచ్చి ఇస్తే వెనక్కి కొట్టారు. "రెండువేల వాట్లు, దగ్గర దగ్గర తొమ్మిది యాంపులు. ఒక్క యాంపు సందు పెట్టుకుని నన్ను నిద్రపొమ్మంటాడా?" అని మధ్యలో కాంటాక్టరు బిగించారు. ఈ మనిషిని చూసి నవ్వడం తేలికే కానీ, ఆ ఇంట్లో ఇంతవరకు ఒక్క వైరూ కాలలేదు.

అయితే ఇంట్లో ఉన్నవాడికి మోటారు ఆపడానికి ఫోనెందుకు? మా అక్క చాలు. ఊళ్లో లేనప్పుడు కదా అసలు సంగతి. "దూరాన్నుంచి లాగి చూడాలోయ్!" అన్నారొకరోజు బావగారు. ఆ మాటన్నప్పుడు ఆయన కళ్లలో కనిపించిన వెలుగు నేను మా అక్క పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు.

మొదట పోర్టు తెరిచారు. హోమ్ అసిస్టెంట్ మామూలుగా 8123 అనే పోర్టు మీద కూర్చుంటుంది. బయటినుంచి ఆ నంబరు మీద వచ్చేవాళ్లను నేరుగా 'దేనిపై' దగ్గరికి పంపమని రౌటరుకి చెప్పాలి. చెప్పారు. చెప్పి, వైఫై ఆపేసి, వీధి చివర టీ కొట్టుదాకా వెళ్లి ఫోన్లో కొట్టి చూశారు. రాలేదు. అలా వారం రోజులు, రోజుకు ఆరు టీలు. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి "మీకు నెట్ వస్తోంది కద్సార్, ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి" అంది. ముప్ఫై ఏళ్లు జనానికి తాను చెప్పిన సమాధానమే అది. ఆయన గుర్తుపట్టారు కూడా.

చివరికి మేనల్లుడు రౌటరులో అడ్రసు చూడమన్నాడు. అది 100.తో మొదలైంది. ఇంటర్నెట్టు పాత పద్ధతిలో అడ్రసులు మొత్తం కలిపి 430 కోట్లే. అవి ఎప్పుడో చాల్లేదు. అందుకని కంపెనీలు బోలెడు ఇళ్లకు కలిపి బయటికి ఒకే అడ్రసు చూపిస్తాయి. లోపల సర్దుకోడానికి 2012లో 100.64 నుంచి 100.127 దాకా ఒక వరస విడిగా కేటాయించారు. మనం బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లు మనల్ని వెతుక్కుంటూ రాలేరు.

"అంటే పేటంతటికీ ఒకటే డోరు నంబరా!" అన్నారు బావగారు. "పోస్ట్‌మాన్ ఉత్తరం ఎవరికివ్వాలో తెలీక తిప్పి పంపేస్తున్నాడన్నమాట. ముప్ఫై ఏళ్లుగా ఇంటిపన్ను కడుతున్న నాకు డోరు నంబరు లేదట్రా!"

ఏడాదికింతని అదనంగా కట్టి సొంత అడ్రసు తెచ్చుకున్నారు. ఆ నాలుగు అంకెల గుంపులనూ ప్రవర చెప్పినట్టు చెప్పేవారు. టీ కొట్టు దగ్గర నిలబడి నొక్కగానే ఇంట్లో వరండా లైటు వెలిగింది. పట్టపగలు వెలిగిన ఆ దీపాన్ని చూడమని నాకు వీడియో పంపారు.

ఆ ఆనందం ఐదు రోజులు. ఆరో రాత్రి ఫోను టింగుమంది. ఎవరో తప్పుడు పాస్‌వర్డుతో లోపలికి రావాలని చూశారని కబురు. మళ్లీ టింగు. మళ్లీ టింగు.

"ఏమే, లే! ఎవడో మనింటి తలుపు తోస్తున్నాడు."

"ఏం కావాల్ట?" అంది అక్క, కళ్లు తెరవకుండానే.

మేనల్లుడు విషయం విప్పి చెప్పాడు. తోసేవాడు మనిషి కాదు, ఇంటర్నెట్టులో ప్రతి తలుపునూ వరసబెట్టి తట్టుకుంటూ పోయే ప్రోగ్రాము. 2016లో మిరాయ్ అని ఒకటి వచ్చింది. కెమెరాలూ రౌటర్లూ ఫ్యాక్టరీనుంచి వచ్చేటప్పుడు ఉండే 'అడ్మిన్, అడ్మిన్' లాంటి పేర్లూ పాస్‌వర్డులూ ఓ అరవై జతలు దాని దగ్గరున్నాయి, అంతే. వాటితోనే లక్షల పరికరాల్లో దూరి, ఆ అక్టోబరు 21న వాటిలో బోలెడు కలిసి ఒక్క కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తడబడ్డాయి.

"నీ పాస్‌వర్డేంటి నాన్నా?" అన్నాడు మేనల్లుడు.

బావగారు మెల్లగా చెప్పారు. అందులో వెంకటేశ్వరస్వామి ఉన్నాడు, పక్కన ఒకటీ రెండూ మూడూ ఉన్నాయి. అవతల కాసేపు మాట లేదు. ఆ అర్ధరాత్రే పోర్టు మూసేశారు. మూసి, బనీనుమీదే బయటికెళ్లి, గేటు తాళం లాగి చూసి వచ్చి పడుకున్నారు.

తర్వాత వచ్చింది వైర్‌గార్డ్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాసింది, 2020లో లినక్స్ లోపలికే చేర్చుకున్నారు. ఇంటికీ ఫోనుకీ మధ్య సొరంగం తవ్వుతుంది. రహస్య తాళంచెవి లేనివాడు ఎన్నిసార్లు తట్టినా 'ఎవరది' అని కూడా అనదు, అసలక్కడ ఇల్లున్నట్టే తెలియనివ్వదు. ఈ ఒక్క గుణానికి బావగారు పడిపోయారు.

"తట్టినా పలకదే!" అన్నారు అక్కతో, పారవశ్యంగా.

"మీరు స్నానాలగదిలో ఉన్నప్పుడు మేం పడుతున్నది అదే కదండీ" అంది అక్క.

ఆ తాళంచెవి 44 అక్షరాల పొడుగు. ఫోనుతో చతురస్రపు గళ్ల బొమ్మ స్కాన్ చేస్తే దానంతటదే ఎక్కుతుంది. ఎక్కింది కూడా. అయినా కాగితం మీద లేనిదాన్ని ఆయన నమ్మరు. పాలఖాతా పుస్తకం వెనకపేజీలో చేత్తో ఎక్కించుకున్నారు. చిన్న ఎల్లో పెద్ద ఐయో తేలక ఒక పూట పట్టింది. పుస్తకం బీరువాలో, బీరువా తాళం బియ్యం డబ్బాలో. సొరంగం దాటాక మళ్లీ ఇంకో తలుపు: పాస్‌వర్డు, ఆ పైన ఆరంకెల కోడు. ఆ కోడు ముప్ఫై సెకన్లకోసారి మారుతుంది. బావగారు అంకెలు చూస్తారు, కళ్లజోడు నుదుటిమీద ఉందని గుర్తొస్తుంది, దించుతారు, పైకి చదువుతారు, నాలుగు అంకెలు కొట్టేసరికి కోడు మారిపోతుంది. "ఉండు, ఉండు" అంటారు దాంతో. అది ఉండదు. సొంత మోటారు ఆపుకోడానికి ఆయనకు సగటున నాలుగు నిమిషాలు పట్టేది. ట్యాంకు పొంగడానికి మూడు చాలు.

గేటు కెమెరాకి మాత్రం మాట్లాడే గొట్టం ఉంది. ఒక తెల్లవారుజామున పక్కింటి పిన్నిగారు ప్రహరీ మీంచి చెయ్యి చాపి మందారాలు కోస్తుంటే, మంచం మీంచే ఫోను నొక్కి "పూలు కొయ్యరాదు" అన్నారు. గేటులోంచి వచ్చిన ఆ గొంతుకు ఆవిడ సజ్జ జారవిడిచి "నరసింహా!" అని దండం పెట్టిందిట. సంగతి తెలిశాక రెండు నెలలు మాటల్లేవు. బావగారితోనే సుమా. అక్కతో ఇడ్లీరవ్వ, పెరుగుతోడు రాకపోకలు ఎప్పట్లానే సాగాయి.

మొన్న మే నెలలో ముగ్గురం తిరుపతి బయల్దేరాం. కొండమీద దర్శనానికి వెళ్లేముందు ఫోన్లు కౌంటర్లో ఇచ్చెయ్యాలి. అన్ని గంటలు ఇంటిని చూడకుండా ఎలాగా అని బావగారికి నెలరోజులుగా బెంగ. బయల్దేరేముందు వరండాలో నిలబడి, వైఫై ఆపి, సొరంగం పరీక్షించారు. బ్రహ్మాండంగా ఉంది. సామాను ఆటోలోకి సర్దారు. అక్క చివరగా బయటికొచ్చింది. ఆయన తాళం వేసి మూడుసార్లు లాగారు.

మూడింటి రైలు. సామాను సీటుకింద పెట్టి గొలుసేసి కట్టి, తెనాలి దాటుతుండగా ఫోను తీశారు. ఇల్లు పలకలేదు. మళ్లీ నొక్కారు. పలకలేదు. డాలస్‌లో తెల్లవారుజాము ఐదు. మేనల్లుడు నిద్రగొంతుతో "ఆఖరి హ్యాండ్‌షేక్ ఎప్పుడైందో చూడు నాన్నా" అన్నాడు.

"రెండుంబావుకి. అప్పట్నుంచి చెయ్యి కలపట్లేదు."

బాపట్ల వచ్చేసరికి కంపెనీ అడ్రసు మార్చేసిందన్నారు. ఆ తర్వాత మిరాయ్ లోపలికి వచ్చేసిందన్నారు. ఎదుటి బెర్తు ఆయన మిరాయ్ అంటే ఎవరో దగ్గర బంధువనుకుని "పోలీసు కంప్లయింటివ్వండి" అన్నాడు. చీరాలలో అక్క పులిహోర పొట్లం విప్పుతూ అడిగింది:

"కరెంటు లేకపోతే కూడా అది పనిచేస్తుందాండీ?"

"కరెంటెందుకు లేదు?"

"మెయిన్ కట్టేసొచ్చాగా."

బావగారి చేతిలో పులిహోర అలాగే ఉండిపోయింది.

"ఊరెళ్లేటప్పుడు మెయిన్ కట్టెయ్యమని ముప్ఫై ఏళ్లుగా మీరేగా చెప్పింది. ఇన్వర్టరు కూడా కట్టేశా. పాపం, 'దేనిపై' దీపం కూడా ఆరిపోయింది."

ఇంత భద్రంగా ఆ ఇల్లు ఏనాడూ లేదని నేనన్నాను. అనకుండా ఉండాల్సింది. బావగారు కిటికీలోంచి వేటపాలెం వైపు చూస్తూ, "ఎవరైనా వెళ్లి మెయిన్ వేస్తే..." అని ఆగి, "తాళాలు మన దగ్గరున్నాయిగా" అని నిట్టూర్చారు.

అక్క ఫోను తీసి పక్కింటి పిన్నిగారికి చేసింది. "పిన్నిగారూ, మీ దగ్గరున్న చెవితో ఒక్కసారి మా ఇల్లు తీసి మెయిన్ వేస్తారా?"

"ఏ చెవి?" అన్నారు బావగారు.

అక్క సమాధానం చెప్పలేదు. గృహప్రవేశం అయిన నెలనుంచీ డూప్లికేటు చెవుల గుత్తి పిన్నిగారింట్లో దేవుడి పటం వెనక వేలాడుతోందని ఆయనకు తెలిసింది ఆ బండిలోనే.

పిన్నిగారు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. స్పీకరులో అందరికీ వినపడింది. "ఫోన్లో ఎవరు ఏం చెప్పినా నమ్మొద్దన్నాడమ్మా మావాడు. ఈ మధ్య గొంతులు కూడా మార్చేస్తున్నారట. నువ్వు నువ్వేనని ఏంటి నమ్మకం? మొన్న మంగళవారం నేను నీ దగ్గర ఏం పట్టుకెళ్లాను?"

"రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. ఇంకా ఇవ్వలేదు."

"అయితే నువ్వే. ఉండు, వెళ్తున్నా."

ముప్ఫై సెకన్లు కూడా పట్టలేదు. బావగారు నా వైపు చూడలేదు.

ఒంగోలు స్టేషన్లో బండి ఆగేసరికి సొరంగం తెరుచుకుంది. ఆరంకెల కోడు రెండోసారికే కుదిరింది. తెరమీద గేటు, మల్లెపందిరి, సాయంకాలపు ఎండ. పిన్నిగారు ఇంట్లోంచి బయటికొచ్చింది. పందిరి దగ్గర ఆగింది. కెమెరాకేసి ఒకసారి సూటిగా చూసి, తాపీగా మొగ్గలు కోసి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. బావగారి బొటనవేలు మైకు బొమ్మ దాకా వెళ్లి, దానిపైనే గాల్లో నిలబడిపోయింది. ఆవిడ కొంగు నిండా కోసుకుంది. గేటు దగ్గరికొచ్చి తాళం వేసింది. ఒక్కసారి లాగింది, వెనక్కి తిరిగింది.

బావగారు ఫోను మీదికి వంగిపోయారు.

"ఇంకోసారి..." అన్నారు, మైకు నొక్కకుండానే. "ఇంకొక్కసారి లాగండి పిన్నిగారూ."