గాలివాటు సంగీతము

సంగీతాభిమానులలో పలు తెగలు కలవు. శ్రుతి తప్పినచో మొగము చిట్లించువారు కొందరు, తాళము తప్పినచో తొడమీది చేయి తీసివైచి గాయకుని వంక జాలిగా చూచువారు కొందరు, ఏది తప్పినను తెలియక ఆనందబాష్పములు రాల్చువారు అనేకులు. ఈ మూడవ తెగలో నేను చిరకాలసభ్యుడనని చెప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. అయితే మా జువ్వలదిన్నె వంటి సముద్రతీరగ్రామమున పుట్టి పెరిగిన యభిమానికి ఈ తెగలలో దేనికిని చెందని ప్రత్యేకస్థానము మరియొకటి కలదని నా మనవి. చెన్నపట్టణపు సభలలో పాట వినబడుట పాడువాని గొంతును బట్టి యుండును. మా యూర అది గాలిని బట్టి యుండును.

ఈ మాట విని మా యూరు ఎరుగనివారు నవ్వవచ్చును. బిట్రగుంటలో రైలు దిగి, తూర్పుముఖముగా తాటిచెట్లను, బకింగ్‌హాము కాలువను చూచుకొనుచు పోయిపోయి, ఇక పోవుటకు నేల లేక ఆగవలసిన తావే జువ్వలదిన్నె. ఇప్పుడు ఫిషింగ్ హార్బరు కట్టుటచే పత్రికలకెక్కినది గాని, నేను చెప్పుచున్న కాలమున నెల్లూరులో మా యూరిపేరు చెప్పినచో రెండవమారు కూడ చెప్పవలసి వచ్చెడిది. సముద్రతీరమున పగటివేళ నేల త్వరగా కాగుటచే గాలి నీటిమీదనుండి నేలమీదికి వీచుననియు, రాత్రి నేల త్వరగా చల్లారుటచే నడిరేయి దాటినపిమ్మట అది నేలమీదనుండి నీటిమీదికి మరలుననియు ఉద్యోగమున్నంత కాలము నేను బడిపిల్లలకు పాఠము చెప్పితిని. ఆ పాఠమునకు పుస్తకములోని పటము నెన్నడును చూపియెరుగను. గంగమ్మ తిరునాళ్ళలోని పాటకచేరిని జ్ఞాపకము చేసితినా, వెనుకబల్లమీది వానికి సైతము విషయము సుబోధమయ్యెడిది.

నన్ను మొట్టమొదట సంగీతమునకు దాసుని చేసినది బ్యాండుమేళము. ఎఱ్ఱబనాతు కోటు, భుజములపై జరీకుచ్చులు, తలపై ఎవరికో పెద్దవానికి కుట్టగా మిగిలిన టోపీ, కాళ్ళకు మాత్రము ఏమియు లేదు. ఇట్టి వేషముతో పెండ్లిమేళము ఊరేగింపు ముందు నడచుచుండగా చక్రవర్తులెవరైనను ఇంతకంటె వైభవముగా నుందురని నాకు తోచెడిది కాదు. క్లారినెట్టువాడు పాటను నడపును, ట్రంపెట్టువాడు బుగ్గలు పొంగించి దానిని సమర్థించును, పెద్దడ్రమ్మువాడు కడుపుపై బరువు మోయుచు పాటతో తనకు సంబంధము లేనట్లు దిక్కులు చూచుచు కొట్టును. వీరు ఊరి రోడ్డున ఎంత చురుకుగా వాయించుచు వచ్చినను, మా వీధులు చొచ్చునప్పటికి పాదములు చీలమండల దాక ఇసుకలో దిగబడెడివి. అడుగు ఆలస్యమైనచో డ్రమ్ము ఆలస్యమగును, డ్రమ్ము ఆలస్యమైనచో క్లారినెట్టు ఊపిరి నిలుపుకొని వేచియుండవలెను. ఈ ప్రకారము ఎంతటి దుడుకుపాటయైనను మా యూర విలంబకాలమున పడి, గంభీరమై, కొంత వేదాంతమును కూడ పుంజుకొనెడిది. పెండ్లికి వాయించిన పాటనే అంత్యయాత్రకు కూడ వాయించుట మావారికి వింతగా తోచకపోవుటకు ఈ ఇసుకయే కారణమని నా యూహ. పెద్దవాడనైన పిమ్మట ఆ పాటలనే రికార్డుపై విని, ఈ పాడువారికి ఇంత తొందర ఎందుకు, రైలు దాటిపోవుచున్నదా యని నేను ఆశ్చర్యపడితిని.

సన్నాయి విషయమున మావారు ఉత్తరదిక్కుగా చూడవలసినదే. ఒంగోలు చేరువనున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబుగారు తుదకు శ్రీరంగమున స్థిరనివాసమేర్పరచుకొని, రంగనాథుని సన్నిధిలో నాదార్చన సల్పి, 1998లో సంగీతకళానిధి బిరుదమును పొందిన మహనీయులు. ఆయన వాద్యమును నేను రేడియోలో వినుటయే గాని ఎదుట కూర్చుండి విను భాగ్యమునకు నోచుకొనలేదు. మా యరుగుమీద రేడియో పెట్టుకొని వినుచుండగా, గాలి పడమటినుండి తిరిగిన వేళ బిట్రగుంట లోకోషెడ్డునందలి బొగ్గుయింజను కూత అడుగకనే వచ్చి కచేరిలో కలిసెడిది. ఒకరాత్రి ఆ కూత మౌలానాగారి షడ్జముతో సరిగా సరిపోయినదని నేననగా, కాదు అది నిషాదమని నా మిత్రుడు పట్టుపట్టెను. ఇరువురకును స్వరజ్ఞానము లేకపోవుటచే ఆ వాదము చాల కాలము నడచినది. ఉన్నచో ఒక్క నిమిషములో ముగిసియుండెడిది గదా!

ఇక ఆర్కెస్ట్రా. తిరునాళ్ళకు పది దినములు ముందుగనే గోడలపై పసుపుపచ్చని కాగితములు వెలసెడివి. వానిపై జూనియర్ ఘంటసాల, జూనియర్ సుశీల అను నామధేయములు తాటికాయంత అక్షరములతో నుండెడివి. అసలు ఘంటసాలగారు సన్నగానున్న కాలమున కూడ ఆయన జూనియరులు లావుగా నుండుట నేను గమనించిన విశేషము. హార్మోనియము, అకార్డియను, తబలా, బాంగో, ఒక గిటారు. ఆ గిటారుకు తీగెలలో ఒకటి తక్కువైనను దానిని పట్టుకొన్న కుర్రవాని జుట్టు ఆ లోటును భర్తీ చేసెడిది. కాని వీరెవ్వరును ఆ రాత్రికి ప్రభువులు కారు. ప్రభువు మైకుసెట్టువాడు. పందిటిమూల బల్లపై ఆంప్లిఫైయరు పెట్టుకొని, చెవిలో బీడీ దోపుకొని, "హలో, మైక్ టెస్టింగ్" అని ఆతడు పలికిన పలుకు ఆ రాత్రి ఊరంతయు స్పష్టముగా వినిన ఏకైకవాక్యము. ఆ తరువాత వచ్చినదంతయు సంగీతము.

ఒక సంవత్సరము జరిగిన ఉదంతమును మాత్రము వివరముగా చెప్పవలెను. ఆతడు తెచ్చిన రెండు బూరలలో ఒకదాని యూనిట్టు టెస్టింగులోనే కాలిపోయెను. మిగిలిన ఒక్క బూరను ఊరివైపు తిప్పవలెనా, జాలరులుండు పాళెమువైపు తిప్పవలెనా యను ప్రశ్న ఉదయించినది. చందా మేమెక్కువ ఇచ్చితిమని ఊరివారు, అమ్మవారు మాదని పాళెమువారు. ఇరుపక్షములను సమాధానపరచుటకు పెద్దలు గుడిముందు కూర్చుండి, జూనియర్ ఘంటసాల రెండుమారులు టీ త్రాగువరకు తర్జనభర్జనలు జరిపి, తుదకు ఒక పాట ఇటు, ఒక పాట అటు అని తీర్పు చెప్పిరి. బూరను త్రిప్పుటకై బక్కపలుచని కుర్రవానినొకనిని సరుగుడుబాదుపై కెక్కించిరి. మొదటి నాలుగు పాటలు ధర్మము తప్పక నడచినవి. ఐదవది యుగళగీతము. పల్లవి కాగానే గాయకుడు ఊపిరి పీల్చుకొనుటకు ఆగెను. పాట ముగిసినదని పైనున్న బాలుడు బూర త్రిప్పివైచెను. పొరపాటు తెలిసికొని మరల ఇటు త్రిప్పునప్పటికి చరణము సగమైనది. అటుపై క్రిందినుండి ఇరువర్గములవారును చేతులూపుచుండగా వాడు ఎవరు గట్టిగా అరచిన వారివైపు త్రిప్పుచు పోయెను. ఫలితముగా నాయకుని ప్రశ్నలన్నియు ఊరివారికిని, నాయిక సమాధానములన్నియు పాళెమువారికిని దక్కినవి. ఆ పిల్ల ఒప్పుకొన్నదో లేదో ఊరిలో నేటికిని తెలియదు.

ఇది చాలదన్నట్లు నడుమ నడుమ చదివింపులు. గాయని ఆలాపన నెత్తుకొని పైస్థాయికి పోబోవు తరుణమున మైకు చేతులు మారి, ఫలానావారి అల్లుడుగారు కళాకారులకు ఐదు రూపాయలు చదివించిరనియు, వారికి అమ్మవారు ఆయురారోగ్యముల నొసగవలెననియు ప్రకటన వెలువడెడిది. అల్లుడు చదివించిన పిమ్మట వియ్యంకుడు ఊరకుండునా? ఆతడు పది చదివించును. పాపము ఆ గాయని పైస్థాయి షడ్జమునకు ఒక మెట్టు దిగువన నిలిచి, రూపాయలు పెరుగుచుండగా నోరు తెరచుకొనియే యుండెడిది. త్యాగరాజస్వామి నిధి చాల సుఖమాయని ఏల ప్రశ్నించెనో అట్టి ఘడియలలో కొంత బోధపడును.

ఆర్కెస్ట్రావారు మొదట భక్తిపాటలు, పిమ్మట పాతపాటలు పాడి, జనమెదురుచూచు కొత్తపాటలను నడిరేయి దాటిన తరువాతకై దాచుకొనెడివారు. సరిగా ఆ వేళకే గాలి మరలెడిది. అంతవరకు మా చెవులలో పడిన పాట ఒక్కసారిగా పలుచనై, పందిటిలోనివారికే పెదవుల కదలిక మిగిలి, సారమంతయు సముద్రముపైకి పోయెడిది. మరునాటి ఉదయము తెప్పమీద వేటకు పోయి వచ్చిన ముసలివాడొకడు వల దులుపుకొనుచు నన్ను చూచి నవ్వెను.

"ఏం అయ్యోరా, రాత్రి పాటలు బాగా ఇన్నారా?"

"ఎక్కడ వింటిమి! పన్నెండు దాటినాక ఏమియు వినబడలేదు."

"మాకు గంగలో అచ్చంగా ఇనపడినాయి సామీ. ఆ బిడ్డి గొంతు తేనే. చేపలే సరింగా పడలా, పాట ఇంటా ఉండిపోయినట్టుండాయి."

రసికత విషయమున నాకును చేపలకును పోటీ యేర్పడిన దినమది. అవి రుసుము చెల్లింపకయే మేలిపాటలు వినుచుండుట నాకు చాలకాలము కంటగింపుగా నుండెను.

ఇట్టి దురవస్థ మా యూరికి మాత్రమే కలదని నేను చింతించుచుండగా ఒక పత్రికలో బీటిల్సు అను ఆంగ్లేయగాయకుల వృత్తాంతము చదివితిని. 1965 ఆగస్టులో వారు న్యూయార్కునందలి షే స్టేడియమున పాడగా ఏబదియైదు వేలమందికి పైగా జనము గుమికూడి, ఆడపిల్లలు ఏడ్చుచు, మూర్ఛపోవుచు చేసిన కేకలలో పాడువారికి సైతము తమ పాట వినబడలేదట! అంతటి జనమునకు వారి గొంతులు చేర్చినవి బేసుబాలు ఆటలో ప్రకటనలు చేయుటకు బిగించిన మైకులట! మా మైకుసెట్టువానిని ఒక్క దినము అచ్చటికి పంపియున్నచో కనీసము మొదటి వాక్యమైనను స్పష్టముగా వినబడియుండును. మరుసటి యేడు ఆగస్టుతో వారు విసిగి కచేరియాత్రలనే మానుకొనిరి. అదే 1966లో, డిసెంబరు 15వ తేదీన, మదరాసులో కోదండపాణిగారి సంగీతమున ఒక యువకుడు తన మొదటి సినిమాపాటను పాడెను. లోకమున సంగీతపు లెక్క ఎప్పుడును సరిపోవుచునే యుండునని అభిమానులమైన మేము ఆ రెండు తేదీలను జోడించి చూచుకొందుము.

ఆ యువకుడు మా జిల్లావారు తమవాడని చెప్పుకొను బాలసుబ్రహ్మణ్యముగారు. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరున హరికథలు చెప్పిన విద్వాంసులు. సినిమాలలో నిలదొక్కుకొనుటకు ముందు బాలుగారు నడిపిన పాటలబృందములో ఇళయరాజా, గంగై అమరన్ సోదరులు వాద్యములు వాయించిరన్నది లోకవిదితము. ఆ దినములలో ఆ బృందమును ప్రక్కన కూర్చుండి వింటిమని చెప్పు పెద్దలు నెల్లూరులో ప్రతి టీకొట్టు కడను దొరకుదురు. వారందరును నిజము చెప్పుచున్నచో ఆ కచేరి షే స్టేడియములోనే జరిగియుండవలెను. నేను మాత్రము బాలుగారు మహాప్రసిద్ధులైన పిమ్మటనే నెల్లూరుపోయి వింటిని. గాలి లేని చోటు, సముద్రము దూరము, మైకులు దివ్యముగా నున్నవి. ఇన్నాళ్ళకు ఒక కచేరిని సాంతము వినబోవుచున్నానని ఉప్పొంగితిని. నా ప్రక్క కుర్చీలోని పెద్దమనిషి మొదటి పాట పల్లవికే కన్నులు మూసికొని గొంతు కలిపెను. రెండవ పాటకు సంగతులు వేసెను. మూడవ పాటకు బాలుగారికంటె ముందుగా చరణమందుకొనెను. విరామమున నేను ధైర్యము చేసి, "అయ్యా, బాలుగారు పాడునది కొంచెము వినవలెనని యున్నది" అంటిని.

ఆయన ఏ మాత్రము నొచ్చుకొనక నా భుజము తట్టెను. "ఆయన పాట క్యాసెట్టులో ఎప్పుడైనా ఇనొచ్చు సామీ. నా పాట మళ్ళా యాడ దొరకద్ది?"

ఈ తర్కమునకు సమాధానము నాకు తట్టలేదు. రెండవభాగమంతయు ఆయననే వింటిని. నిజము చెప్పవలసివచ్చినచో తాళము మాత్రము తప్పలేదు.

కాలము మారినది. ఏటా ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు మరపడవల వేటకు నిషేధముండుటచే ఆ దినములలో పాళెమంతయు ఒడ్డుననే యుండును. నిరుడు ఆ సెలవులలో వచ్చిన ఉత్సవమునకు కుర్రకారు ఆర్కెస్ట్రాకు మారుగా డీజేను రప్పించిరి. లారీ మీద నల్లని పెట్టెలు మనిషియెత్తున పేర్చి యుండెను. మొదటి పాటకే మా యటకమీది ఇత్తడిచెంబు తనంత తాను దిగి వచ్చినది. గాలి ఎటు వీచిన నేమి, ఆ ధ్వని దాని యనుమతి కోరునది కాదు. పెద్దలు మరల గుడిముందు సమావేశమైరి. పూర్వము బూరను మా వైపు త్రిప్పుడని పోరాడిన ఊరివారును పాళెమువారును, ఇప్పుడు పెట్టెలను మా వైపు త్రిప్పవలదని అదే పట్టుదలతో పోరాడిరి. బక్కపలుచని ఆ నాటి బాలుడు ఇప్పుడు బట్టతలతో పెద్దలలో నొకడై కూర్చుండి, ఇరువురకు అభ్యంతరము లేని దిక్కు సముద్రమొక్కటేనని సూచింపగా అందరును సమ్మతించిరి. డ్రైవరు లారీని తూర్పుముఖముగా త్రిప్పబోయెను. వెనుకచక్రములు ఇసుకలో ఇరుసు దాక దిగబడి, లారీ సగము తిరిగి నిలిచిపోయెను. ఎందరు నెట్టినను కదలలేదు. ఆ సగము దిక్కున నున్నది మా యిల్లు.